తెర మీద మాట – పధ్నాలుగో భాగం: వైరు పీకిన చెయ్యి

పోయిన వారం స్వర్ణను మనం కోట ఊరి చివర, రొయ్యల రైతుల సంఘం వాళ్ళ నీటి పరీక్షల గదిలో వదిలేసి వచ్చాం. ఎర్రగుడ్డ కట్టి ఉన్న ఒక కంప్యూటర్ ముందు నిలబెట్టి మరీ వదిలేశాం. గూడూరు నుంచి పొద్దుటి బస్సులో వచ్చిన మనిషి. ఎవరైనా ఉచితంగా వాడుకునే కంప్యూటర్ వ్యవస్థ లినక్స్‌లో కొత్త ప్రోగ్రాములు ఎక్కించేటప్పుడు ఏదన్నా తేడా వస్తే, తెర మీద కొన్ని మాటలు కనపడతాయి. ఆ మాటలను మామూలు మనుషులకు అర్థమయ్యేలా తిరగరాయడం ఇప్పుడు ఆమె పని. అందుకే ఊరూరా తిరిగి, జనం వాటిని చదువుతుంటే పక్కన కూర్చుని చూసి, నోటుపుస్తకంలో రాసుకుంటోంది. ఈ గదిని ఐదేళ్ళుగా చూసుకుంటున్న మగ్దలీనమ్మ ఎర్రగుడ్డ విప్పి మీట నొక్కింది. తెర వెలిగి రెండు వాక్యాలు కనపడ్డాయి. వాటిని చదివి స్వర్ణ గోడ పట్టుకుంది.

"చెడిపోయిన ప్యాకేజీలు నిలిపివేయబడి ఉన్నాయి. సమస్యలు సరిదిద్దబడలేవు."

ఇందులో గోడ పట్టుకోవాల్సినంత ఏముందని మీరు అడగవచ్చు. ఆ వాక్యాలు స్వర్ణవే. ఆమె రాసినవే.

ఆరేళ్ళ కిందటి మాట. గూడూరులో ముసురు పట్టిన ఒక ఆదివారం, మేడ మీది గదిలో కిటికీ పక్కన కూర్చుని ఇంగ్లీషు వాక్యాలను ఒక్కొక్కటే తెలుగులోకి దింపింది. ఆ ఒక్కరోజే రెండు వందల పన్నెండు. కింది నుంచి అమ్మ టిఫినుకు పిలుస్తున్నా లేవలేదు. సాయంత్రానికి వేళ్ళు నొప్పి పుట్టాయి కానీ మనసు ఎక్కడో తేలిపోయింది. తెలుగువాళ్ళందరూ ఇకమీదట తమ కంప్యూటర్‌తో తెలుగులో మాట్లాడతారని, ఆ మాటల్లో తన గొంతు ఉంటుందని తెగ మురిసిపోయింది. ఆ రోజు ఆమె కళ్ళ ముందు వాన తప్ప ఒక్క మనిషి ముఖం కూడా లేదు.

ఆ వాక్యాలు ఆ తర్వాత ఏమయ్యాయో ఆమెకు తెలియదు. అవి ఎవరి ఇంటి గడప ముందు నిలబడ్డాయో, తలుపు తీసినవాళ్ళతో ఏం చెప్పాయో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు కోటలో, మధ్యాహ్నపు వెలుగు కిటికీలో పెట్టిన నీటి పరీక్షల గాజుగొట్టాల్లోంచి పచ్చగా, గులాబీగా గోడ మీద పడుతుంటే, ఆ రెండూ తిరిగి ఆమెకే ఎదురొచ్చాయి. బయట రొయ్యల గుంటల్లో గాలి పట్టించే ఏరియేటర్లు నీళ్ళను చిలుకుతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. ఆ చప్పుడులో నిలబడి తన మాటలనే తను చదువుకుంటుంటే, ఇదంతా నిద్రలో జరుగుతున్నట్టు అనిపించింది స్వర్ణకు.

"ఏందమ్మా, తల తిరగతా ఉండాదా? పొద్దున్నించీ ఏం తిన్నట్టు లేవే," అంది మగ్దలీనమ్మ.

"లేదక్కా, బస్సు ప్రయాణం కదా," అంది స్వర్ణ. అదీ ఆమె చెప్పిన మొదటి అబద్ధం.

మగ్దలీనమ్మకు యాభై రెండేళ్ళు. పొడుగు మనిషి, చేతులకు ఎప్పుడూ మందుల వాసన. పదో తరగతితో చదువు ఆపేసినా, నలభై రెండు గుంటల నీళ్ళలో ఉప్పెంతో పులుపెంతో ఐదేళ్ళుగా రోజూ కొలిచి, ఆ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఏ గుంట ఏ నెలలో మొండికేస్తుందో ఆమె లెక్క చూసి చెబితేనే రైతులు గుంటల్లో రొయ్య పిల్ల వదులుతారు. ఆ లెక్కలన్నీ ఇప్పుడు ఎర్రగుడ్డ వెనకాల ఉన్నాయి. రేపు పొద్దున హేచరీ నుంచి రొయ్య పిల్లల లారీ వస్తోంది. మిషన్ నడిస్తే పిల్ల గుంటల్లోకి పోతుంది. నడవకపోతే లారీ తిరిగి పోతుంది, ఆమె ఉద్యోగం కూడా దాంతోపాటే పోతుంది. సంగతి తేల్చడానికి సంఘం ప్రెసిడెంట్ నాలుగు గంటలకు వస్తానన్నాడు.

మగ్దలీనమ్మ క్యారేజీ విప్పి, ఎండు రొయ్యల పొడి కలిపిన అన్నం స్వర్ణకు సగం పెట్టి, తను సగం పెట్టుకుంది.

"అసలు ఆ రోజు ఏం జరిగిందక్కా?"

"ముందురోజు సాయంత్రం కొత్తవేందో ఎక్కించుకుంటానని అడిగింది. సరేనన్నా. సగంలో కరెంటు పోయింది. ఇంటికి పోయినా. తెల్లారి వచ్చి చూస్తే ఇట్టా పడుండాది. చెడిపోయినాయంట, నిలిపేసినారంట. ఏవి చెడిపోయినాయి, ఎవురు నిలిపేసినారు, ఏం తెలీలా. పక్క రూములో ఇంకా రెండు మిషన్లుండాయి. దీంట్లోది దాంట్లోకి అంటుకుంటే ఎట్టా? అందుకే ముందు నెట్టు వైరు పీకేసినా."

స్వర్ణ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "వైరు ఎందుకు పీకావు?"

మగ్దలీనమ్మ ఆమె వైపు జాలిగా చూసింది. గూడూరు పిల్లకి ఇంతకంటే ఏం తెలుస్తుందిలే అన్నట్టు.

"గుంటలో రొయ్యకి తెల్లమచ్చ రోగం కనపడితే ఏం చేస్తాం? ముందు తూము మూసేస్తాం. చుక్క నీళ్ళు లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు. కట్ట మీద ఎర్రగుడ్డ కడతాం. ఆ గుంట తొక్కిన కాలితో ఇంకో గుంటకి పోము. ప్రెసిడెంట్ వచ్చి చూసి, తూము తెరవమనిందాకా ఎవురూ తాకరు. మరి దీనికి వైరే గదా తూము. మూసేసినా, గుడ్డ కట్టినా."

కట్టడమే కాదు. గుమ్మం దగ్గర కాళ్ళు ముంచడానికి బ్లీచింగ్ నీళ్ళ పళ్ళెం కూడా పెట్టింది. పందొమ్మిది రోజులుగా పొద్దున్నే వచ్చి, గది ఊడ్చి, పళ్ళెంలో నీళ్ళు మార్చి, ఎర్రగుడ్డ ముడి సరిచూసి వెళ్తోంది. మరి సంఘంలో ఇరవై రెండు మంది రైతులున్నారే, ఒక్కరన్నా లోపలికి వచ్చి ఇదేమిటని అడగలేదా అంటే, అడగలేదు. ఎర్రగుడ్డ చూశారు, వరండాలోనే ఆగిపోయారు, అక్కడి నుంచే కేకలేసి పోయారు. ఆ గాలిలో పెరిగిన కాళ్ళు ఎర్రగుడ్డను దాటవు మరి.

నిజానికి ఆ మిషన్‌కి ఏ జబ్బూ లేదు. ప్రోగ్రాములు చిన్నచిన్న మూటలుగా వస్తాయి. వాటినే ప్యాకేజీలంటారు. ఒక మూట పని చేయాలంటే దానికి తోడు ఇంకో మూట ఉండాలి. కరెంటు పోయేసరికి సగం మూటలు దిగాయి, సగం దారిలో ఉండిపోయాయి. ఆ మిగిలిన సగం వస్తే చాలు, మిషన్ లేచి కూర్చుంటుంది. అవి రావాల్సింది ఆ వైరులోంచే. ఆకలితో ఉన్నదాని నోటికి గుడ్డ కట్టి, అది ఎందుకు లేవడం లేదా అని పందొమ్మిది రోజులు కాపలా కాసింది మగ్దలీనమ్మ. ఎంతో శ్రద్ధగా, ఎంతో భయంగా, తనకు తెలిసిన విద్యనంతా ఉపయోగించి.

"వైరు పెడితే చాలక్కా. పది నిమిషాల పని," అంది స్వర్ణ.

"ప్రెసిడెంట్ చెప్పకుండా తూము తెరిచే పద్ధతి లేదమ్మా. నాలుగు కానీ." కాసేపు అన్నం కెలుకుతూ కూర్చుంది. "మిషన్‌ని నేనే చెడగొట్టినానని ఊరంతా అంటుండారు. నిజమేనేమో, నాకేం తెల్సు. ఇరవై రెండిళ్ళకి పోయి, నా వల్లే అయింది, తప్పయింది సామీ అని చెప్పి వచ్చినా. ఇద్దరు కూర్చోమన్నారు. మిగతావాళ్ళు గేటు కాడనే విన్నారు."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. తప్పు నీది కాదక్కా, ఆ మాట రాసిందాన్ని నేనే అని ఆ ముద్ద కింద పెట్టి చెప్పి ఉండాల్సింది. స్వర్ణకు ఆ సంగతి తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో మగ్దలీనమ్మ తన వాటాలోంచి ఇంకో గరిటె తీసి ఆమె గిన్నెలో వేసింది. "తినమ్మా, ఎండనబడి వచ్చినావు." స్వర్ణ గిన్నె దగ్గరికి లాక్కుంది. సిగ్గుతో ఆ అన్నమంతా తిన్నది.

తిన్నాక బల్ల మీద తల వాల్చింది. నిద్ర కాదు, మెలకువా కాదు. ఏరియేటర్ల చప్పుడు మెల్లగా మారి గూడూరు జంక్షన్‌లో జనం రొదలా వినపడింది. స్వర్ణ వాళ్ళ నాన్న క్రీస్తురాజు ముప్పై ఏళ్ళు అక్కడ విచారణల కిటికీలో కూర్చున్నాడు. నెత్తిన మూటలు, చంకన పిల్లలు, గడియారం వైపు బెదురు చూపులు, ఆ కిటికీ ముందుకు వచ్చేవాళ్ళందరూ అలాగే వచ్చేవారు. చిన్నప్పుడు సెలవురోజుల్లో స్వర్ణ ఆయన బల్ల కింద కూర్చుని అంతా వినేది. బండి రద్దయిందని ఆయన ఎప్పుడూ ఊరికే అనలేదు. "అమ్మా, మీ బండి ఈ పూట రాదు. మీరు మూడో ప్లాట్‌ఫారం మీదికి పోండి, ఇరవై నిమిషాల్లో ఇంకోటి వస్తుంది. టికెట్ ఇదే చెల్లుతుంది," అనేవాడు. ఎందుకు రాదో ఆ తర్వాత చెప్పేవాడు, అదీ అడిగితేనే. కిటికీ దగ్గర్నుంచి వెళ్ళేటప్పుడు ఆ మనుషుల నడక మారేది. ఆ కిటికీ పక్కన పెరిగి కూడా, ఆ ఆదివారం తను రాసినవాటిలో ఒక్కటి కూడా నాన్నకు చదివి వినిపించలేదు. ఎందుకు వినిపించలేదో ఆమెకే తెలియదు.

గుమ్మం దగ్గర నీళ్ళు చిందిన చప్పుడుకు తలెత్తింది.

ప్రెసిడెంట్ పెంచలప్రసాద్ బ్లీచింగ్ పళ్ళెంలో ఒక కాలి తర్వాత ఒక కాలు ముంచి లోపలికి వస్తున్నాడు. తెల్ల చొక్కా, చంకలో తీర్మానాల పుస్తకం. ఆయన వెనకాలే హజరత్తయ్య, సంఘంలో అందరికంటే పెద్దవాడు, మాట తక్కువ మనిషి. ఆయనా కాళ్ళు ముంచాడు. కంప్యూటర్ గదిలోకి రావడానికి కాళ్ళెందుకు ముంచుతున్నామని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

"చూడు మగ్దలీనా," అన్నాడు పెంచలప్రసాద్ కూర్చోకుండానే. "నీ మీద నాకు కోపం లేదు. ఐదేళ్ళు బాగానే చేసినావు. కానీ రేపు లారీ వస్తుంది. నెల్లూరునించి ఒకతన్ని పిలిపించినాను, రాత్రికి వచ్చి దీన్నంతా తుడిచేసి వేరేది ఎక్కిస్తాడు. రేపటినించి నువ్వు రావద్దు. తీర్మానం రాసే తెచ్చినా, సంతకాలే మిగిలినాయి."

మగ్దలీనమ్మ ఆ పుస్తకం వైపు ఒకసారి చూసింది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని నిలబడింది.

"తుడిచేస్తే ఐదేళ్ళ లెక్కలూ పోతాయండీ," అంది స్వర్ణ.

"మీరెవరమ్మా?"

"గూడూరు నుంచి వచ్చాను. ఈ లినక్స్ పని చేసేదాన్నే. దీనికి ఏ జబ్బూ లేదు, లెక్కలు లోపల భద్రంగా ఉన్నాయి. అక్క తప్పేమీ లేదు."

"తప్పు లేకుంటే పందొమ్మిది రోజులు ఎందుకు పడుండాది? తెలుగులోనే గదా రాసుండాది. చదవను వచ్చినోళ్ళు ఎవురైనా చదువుకుని చెయ్యాల్సింది చేస్తారు. ఆమెకి అది తెలీలా. అంతే గదా," అన్నాడాయన. ఆ గొంతులో కసి లేదు. నిజంగానే అలా నమ్ముతున్నాడు. అందుకే ఆ మాట మరీ బరువుగా పడింది.

స్వర్ణకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియని మంట అది, సగం ఆయన మీద, సగానికి పైగా తన మీద.

"అయితే మీరొకసారి కూర్చోండి సార్. మొదటిరోజు అక్కకు ఎలా కనపడిందో అలాగే పెడతాను. మీరు చదివి, చెయ్యాల్సింది చెయ్యండి. చేశాక సంతకం పెట్టండి, నేను అడ్డం రాను. ముందు వైరు పెట్టడానికి మీరు ఊఁ అనాలి."

"పెట్టండి," అన్నాడు పెంచలప్రసాద్, ఇదేం తంతు అన్నట్టు కుర్చీ లాక్కుంటూ.

మగ్దలీనమ్మే వంగి వైరు పెట్టింది. స్వర్ణ మీట నొక్కింది. తెర వెలిగింది, రెండు వాక్యాలూ వచ్చి నిలబడ్డాయి.

ఆయన కళ్ళజోడు సర్దుకుని పైకి చదివాడు. మళ్ళీ ఒకసారి మనసులో చదివాడు. "ఏవి చెడిపోయినాయి?" అని అడిగాడు. స్వర్ణ పలకలేదు. "ఎవురు నిలిపేసినారు?" ఆమె తెర వైపే చూస్తోంది. తెర కూడా ఏమీ చెప్పలేదు. ఆయన మౌసు పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. మళ్ళీ చదివాడు. చదువు వచ్చిన మనిషి, ఇరవై ఎకరాల గుంటలు ఏలుతున్న మనిషి, రెండు వాక్యాల ముందు బడిపిల్లాడిలా కూర్చున్నాడు.

"సరిదిద్దబడలేవు," అని తనలో తను అనుకున్నాడు. ముఖం మారింది. ఇప్పుడాయన చూస్తున్నది కంప్యూటర్‌ని కాదు. ఎప్పుడో ఒక చైత్రంలో తెల్లారేసరికి అంచుల వెంబడి చచ్చిన రొయ్యలు తెల్లగా తేలిన తన మూడో గుంటను చూస్తున్నాడు. తల తిప్పి, పక్క గది తలుపు వైపు చూశాడు. అక్కడ ఇంకో రెండు మిషన్లున్న సంగతి ఆయనకు గుర్తొచ్చినట్టుంది.

ఆయన చెయ్యి బల్ల వెనక్కి పోయింది. తడుముకుంది. వైరు పట్టుకుని పీకేసింది.

పీకాక, పని సక్రమంగా చేసిన మనిషిలా కుర్చీలో వెనక్కి వాలి, "ముందు ఇది పక్కదానికి అంటకుండా చూడాల," అన్నాడు.

హజరత్తయ్య గోడకు ఆనుకుని నిలబడ్డవాడు నెమ్మదిగా నవ్వడం మొదలుపెట్టాడు. చప్పుడు లేని నవ్వు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"నేనూ అట్నే చేసినా సార్," అంది మగ్దలీనమ్మ. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. తనలాంటి మనిషి ఇంకొకరు దొరికినందుకు కాస్త ఊరట ఉంది.

పెంచలప్రసాద్ చేతిలో వైరు కొనను చూసుకున్నాడు. ఆమెను చూశాడు. స్వర్ణ అప్పుడు చెప్పింది, కరెంటు పోవడం, సగంలో ఆగిన మూటలు, అవి ఆ వైరులోంచే రావాల్సి ఉండటం. ఆయన చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి. పుస్తకం తెరిచి, రాసి తెచ్చుకున్న కాగితాన్ని కుట్టు దగ్గర నుంచి చించి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"రేపటినించి రా మగ్దలీనా. ఎప్పటిలాగే," అన్నాడు. మనిషి మంచివాడే. తప్పు తెలిస్తే దిద్దుకుంటాడు, కాకపోతే దిద్దుకున్న వెంటనే దాన్ని మోపడానికి ఇంకో భుజం వెతుక్కుంటాడు. "అసలు ఈ మాట రాసినోడు ఎవుడమ్మా? ఇట్టా రాస్తే జనం ఏమైపోతారని చూసుకోబళ్ళా? ఎవుడో ఏసీ గదిలో కూర్చుని రాసుంటాడు. వాడొకసారి నా ముందరికి వస్తే బాగుండు."

గాజుగొట్టాల మీది వెలుగు అప్పటికి గోడ దిగి నేల మీదికి వచ్చింది. స్వర్ణ దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఉద్యోగం నిలబడింది. వైరు మళ్ళీ పెడితే మిషన్ లేస్తుంది. సాయంత్రం బస్సుకు ఇంటికి పోవచ్చు. ఇక ఎవరూ ఏమీ అడగరు. నోరు మూసుకుని ఉంటే చాలు.

"ఏసీ గది కాదండీ. మా మేడ మీది గది," అంది. "రాసింది నేనే."

పెంచలప్రసాద్ కళ్ళజోడు తీశాడు. హజరత్తయ్య నవ్వు ఆపేశాడు. స్వర్ణ వాళ్ళిద్దరినీ చూడటం లేదు. మగ్దలీనమ్మను చూస్తోంది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అని అడిగింది మగ్దలీనమ్మ. "ఇది నువ్వు రాసిందేనని?"

"మధ్యాహ్నం. తెర వెలగగానే."

"అన్నం తినకముందే."

"ఆఁ."

"ఇరవై రెండిళ్ళకి పోయినానని నేను చెప్పేటప్పుడు నీకు తెల్సు."

"తెలుసక్కా."

మగ్దలీనమ్మ కొంగులోంచి చేతులు తీసి, బల్ల మీదున్న ఎర్రగుడ్డను మడిచింది. అంచులు కలిపి, ఒద్దికగా, ఇంకా చిన్నగా మడిచింది. "పని ఉంచినారు, సంతోషం సార్," అని ప్రెసిడెంట్‌కు చెప్పింది. స్వర్ణకు ఏమీ చెప్పలేదు. గుమ్మం దాటి, పళ్ళెంలో కాళ్ళు ముంచకుండానే బయటికి వెళ్ళిపోయింది.

పెంచలప్రసాద్ గొంతు సవరించుకుని, పని ముందు అన్నట్టు వైరు తనే పెట్టాడు. స్వర్ణ మిగిలిన మూటలు తెచ్చుకొమ్మని మిషన్‌కి చెప్పింది. అది పాస్‌వర్డ్ అడిగింది. ఆమె హజరత్తయ్య వైపు చూసింది, ఆయన ప్రెసిడెంట్ వైపు చూశాడు.

"ఆమెకే తెల్సు," అన్నాడు పెంచలప్రసాద్. "ఎవురికీ చెప్పవద్దని నేనే చెప్పినా."

స్వర్ణ కట్ట మీదికి పరుగెత్తింది. పొద్దు వాలుతోంది. గుంటల మీద నురగ తేలి, ఉప్పుగాలికి ఒక పక్కకు కొట్టుకుపోతోంది. తూర్పున సముద్రం కనపడదు కానీ ఆకాశం అక్కడ పలచబడి, నీళ్ళేవో మబ్బులేవో తెలియకుండా కలిసిపోయి ఉంది. ఆ వెలుగులో మగ్దలీనమ్మ ఐదో గుంట కట్ట మీద, వీపు ఇటు పెట్టి నిలబడి ఉంది. అంత దూరం నుంచి చూస్తే ఆమె కాళ్ళు నేలను తాకుతున్నట్టే లేవు. ఇంకా ఎంత నడిచినా అక్కడికి చేరనేమోనని స్వర్ణకు భయమేసింది. చేరింది. నాలుగడుగుల ఇవతలే ఆగిపోయింది.

"అక్కా, నన్ను క్షమించు. మధ్యాహ్నమే నేను..."

"అది ఇప్పుడొద్దు." మగ్దలీనమ్మ తిరగలేదు. "పందొమ్మిది రోజులుగా నేను ఊరంతా చెప్పుకుంటూ వచ్చింది అదే. దాన్తో మిషన్ లేవదు."

"మరేం చెప్పమంటావు?"

అప్పుడు తిరిగింది. ఏడ్చిన కళ్ళు కావు. ఎండలో చాలాసేపు దేన్నో వెతికిన కళ్ళలా ఉన్నాయి.

"ఆ పొద్దున నేను ఒక్కదాన్నే ఉన్నా. నాకెవురూ లేరు, ఆ తెర తప్ప. అది చెప్పిందే చదివినా, చదివి భయపడినా. ఇప్పుడు నువ్వుండావు గదా. ఆ తెర జాగాలో నిలబడు. నా మిషన్‌కి ఏమైందో, నేనేం చెయ్యాల్నో చెప్పు. లోపల వాళ్ళకి చెప్పినట్టు కథ చెప్పబాక, అంత తెరలో పట్టదు. రెండంటే రెండు మాటలు. నాకు అర్థమైతే పాస్‌వర్డ్ చెప్తా. అర్థం కాకుంటే రేపు లారీ ఒట్టిగా పోతాది. పోనీ."

"అక్కా, లారీ..."

"చెప్పు."

స్వర్ణ నోరు తెరిచింది. ప్యాకేజీ అనే మాట వచ్చింది, మింగేసింది. ఇంకో మాట వచ్చింది, అదీ పుస్తకాల్లోదే. గాలి ఆమె జుట్టును ముఖం మీదికి తోస్తోంది, ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి, ఎక్కడో కట్ట కింద నీళ్ళు తూములోకి జారుతున్నాయి. ఈ ఆరేళ్ళలో నాలుగు వేల వాక్యాలు రాసిన మనిషికి మొదటి మాట దొరకలేదు. మగ్దలీనమ్మ కళ్ళు తిప్పకుండా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నట్టు, ఆమె ముఖాన్నే చదువుతోంది.